కండరాల విద్యుత్ సంకేతాలతో మోటార్ న్యూరాన్ వ్యాధి గుర్తింపు

చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతుంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతుంది. నొప్పి ఉండదు, స్పర్శ తగ్గదు. అందుకే చాలామంది నీరసం అనుకుని ఊరుకుంటారు. మోటార్ న్యూరాన్ వ్యాధి తరచూ ఇలాగే మొదలవుతుంది. తొలి లక్షణం కనిపించాక వ్యాధి నిర్ధారణకు సాధారణంగా ఏడాది వరకు పడుతోంది. ఈ జాప్యాన్ని తగ్గించగల పరీక్షల్లో ఎలక్ట్రోమయోగ్రఫీ, అంటే ఈఎంజీ, ముఖ్యమైనది.

మెదడు ఇచ్చే ఆదేశాలను కండరాలకు చేరవేసే నాడీకణాలే మోటార్ న్యూరాన్లు. ఇవి క్రమంగా నశించడమే ఈ వ్యాధి. ఇందులో ఎక్కువగా కనిపించే రకం ఏఎల్ఎస్. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1869లో దీన్ని వివరించాడు. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో నిర్ధారణ అయిన వ్యాధి ఇదే.

సూది ఏం చెబుతుంది?

ఈఎంజీలో సన్నని సూది ఎలక్ట్రోడ్‌ను కండరంలోకి గుచ్చుతారు. ఆరోగ్యవంతమైన కండరం విశ్రాంతిలో దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. నాడీ సంబంధం తెగిన కండర పోగులు మాత్రం విశ్రాంతిలోనూ వాటంతట అవే చిన్న చిన్న విద్యుత్ తరంగాలను వెలువరిస్తాయి.

కండరాన్ని బిగించినప్పుడు మరో తేడా తెలుస్తుంది. ఒక న్యూరాన్ చనిపోతే, దాని కింద ఉన్న పోగులకు పొరుగు న్యూరాన్ కొత్త కొమ్మలు వేస్తుంది. అప్పుడు ఒకే న్యూరాన్ ఎక్కువ పోగులను నడుపుతుంది కాబట్టి తరంగం పెద్దదిగా, ఎక్కువసేపు సాగేదిగా మారుతుంది. కండరానికే జబ్బు చేస్తే సాధారణంగా ఇందుకు విరుద్ధంగా తరంగాలు చిన్నవిగా, పొట్టిగా ఉంటాయి.

కోల్‌కతా వారసత్వం

జీవకణజాలం విద్యుత్ స్పందనలను కొలవడంలో కోల్‌కతాకు పాత చరిత్రే ఉంది. జగదీశ్ చంద్ర బోస్ కండరాలు, మొక్కలు, లోహాల స్పందనలను పోల్చి 1902లో పుస్తకం ప్రచురించారు. ఆయన 1917లో స్థాపించిన బోస్ ఇన్‌స్టిట్యూట్‌కు నేడు న్యూ టౌన్ పొరుగునే ఉన్న సాల్ట్ లేక్‌లోనూ ప్రాంగణం ఉంది.

కంప్యూటర్ సాయం, దాని హద్దులు

ఈఎంజీ తరంగాలను చదవడానికి అనుభవం కావాలి. అందుకే పరిశోధకులు వాటిని మెషీన్ లెర్నింగ్‌తో వర్గీకరిస్తున్నారు. అయితే ఈ పరిశోధనల్లో విస్తృతంగా వాడే ఒక డెన్మార్క్ దత్తాంశంలో ఏఎల్ఎస్ రోగులు 8 మందే. పైగా ఒకే వ్యక్తి సంకేతపు ముక్కలు శిక్షణలోనూ పరీక్షలోనూ ఉంటే, కంప్యూటర్ జబ్బును కాక మనిషిని గుర్తుపట్టే ప్రమాదం ఉంది. అప్పుడు కాగితం మీద కనిపించే కచ్చితత్వం ఆసుపత్రిలో నిలవదు.

ఈఎంజీ ఒక్కటే తీర్పు చెప్పదు. మెడ ఎముకల అరుగుదల వల్ల నరాలు నొక్కుకుపోయినా ఇలాంటి మార్పులే రావచ్చు. మల్టీఫోకల్ మోటార్ న్యూరోపతీ పైకి ఇలాగే కనిపిస్తుంది, కానీ దానికి ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స ఉంది. అందుకే వైద్యులు శరీర పరీక్ష, నరాల ప్రసరణ పరీక్ష, ఎంఆర్ఐ ఫలితాలను కలిపి చూస్తారు.

ఏఎల్ఎస్‌ను పూర్తిగా నయం చేసే మందు లేదు. అమెరికాలో 1995లో అనుమతి పొందిన రిలుజోల్ వ్యాధి వేగాన్ని కొంత తగ్గిస్తుంది. త్వరగా తెలిస్తే ఆ మందును ముందే మొదలుపెట్టవచ్చు, శ్వాస, ఆహార అవసరాలకు కుటుంబం సిద్ధపడవచ్చు. జబ్బు వేరొకటని తేలితే, నయమయ్యే అవకాశమే దొరకవచ్చు.