వ్రాఁతకు కావలి: సేవ్ చేసినపుడెల్ల కమిట్

గత సంవత్సరము మా విద్యార్థి యొకఁడు కంప్యూటరులో వ్యాసమొకటి వ్రాసి, మఱునాఁడు దానిని దిద్దఁబోయి, నడిమి రెండు పేరాలను తుడిచి సేవ్ చేసెను. ఆ పేరాలే మేలైనవని ఉపాధ్యాయుఁడు చెప్పునప్పటికి అవి లేకపోయెను. ఇట్టి నష్టము మఱియొకరికి రాకుండుటకై యీ పాఠమును వ్రాయుచున్నాము.

సేవ్ చేయునపుడు ఫైలుయొక్క క్రొత్త రూపము పాతదాని స్థానము నాక్రమించును. ఈ లోపమును తీర్చుటకే వెర్షన్ కంట్రోల్ సాధనములు పుట్టినవి. 1972లో బెల్ లేబరేటరీస్‌లో మార్క్ రాచ్‌కైండ్ ఎస్.సి.సి.ఎస్. అను సాధనమును నిర్మించెను. నేఁడు విరివిగా వాడఁబడుచున్న గిట్‌ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్ పనికొఱకు ప్రారంభించెను. గిట్‌లో ఒక్కొక్క కమిట్ ఆ క్షణమందలి ఫైళ్ల ప్రతిబింబము. వ్రాసినవారి పేరును, కాలమును, చిన్న వివరణయు దానితో నిలిచియుండును. మాఱని ఫైలును గిట్ మరల నిలువచేయదు గనుక, నూఱు కమిట్లు చేసినను నూఱింతల చోటు పట్టదు.

అయితే మనుష్యుఁడు మఱచును. సేవ్ చేయుట చేతికి అలవాటు. కమిట్ చేయుట అట్లు కాదు. కావున ఆ రెంటిని ముడివేయవలెను. ఈమాక్స్ ఎడిటరులో ఇందుకు "ఆఫ్టర్-సేవ్-హుక్" కలదు. విమ్‌లో "బఫ్‌రైట్‌పోస్ట్" కలదు. సేవ్ ముగిసిన వెంటనే, అచ్చట మనము చేర్చిన ఆజ్ఞలు తమంతట నడచును. ఆజ్ఞలు రెండే. "గిట్ యాడ్" మాఱిన ఫైలును సిద్ధపఱచును. "గిట్ కమిట్" తేదీని వివరణగా నుంచి దానిని చరిత్రలో చేర్చును. అంతకుముందు ఆ ఫోల్డరులో "గిట్ ఇనిట్" ఒకసారి చేసియుండవలెను. పాతప్రతి కావలసినపుడు "గిట్ లాగ్" వరుసను చూపును. "గిట్ షో" ఆనాఁటి వ్రాఁతను కనులయెదుట నిలుపును.

ఇందు మూఁడు జాగ్రత్తలు కలవు. మొదటిది: తేదీ మాత్రమే గల కమిట్లు ఏల మార్చితిమో చెప్పవు. పలువురు కలిసి చేయు పనిలో వీనిని వేఱొక బ్రాంచిలో నుంచి, పని ముగిసిన పిమ్మట ఒక్కటిగా కూర్చి, తగిన వివరణతో చేర్చవలెను. రెండవది: పాస్‌వర్డు ఒకసారి కమిట్ అయినచో, ఆ పంక్తిని తుడిచినను చరిత్రలో నిలిచియుండును. అట్టి ఫైలు పేరును ముందుగానే "గిట్‌ఇగ్నోర్"లో వ్రాయవలెను. మూఁడవది: చరిత్రయంతయు అదే డిస్కుమీఁద నున్నచో, డిస్కు చెడినపుడు అదియు పోవును. కావున "గిట్ పుష్" చేసి వేఱొక యంత్రమందు ప్రతి నుంచవలెను.

పై విద్యార్థి ఆ పేరాలను మరల వ్రాసెను గాని, మొదటివానివలె కుదురలేదని తానే యొప్పుకొనెను. ఇప్పుడతఁడు ఏ ఫోల్డరు తెఱచినను మొదట "గిట్ ఇనిట్" చేయుచున్నాఁడు. తక్కిన విద్యార్థులును ఒక చిన్న వ్యాసముతో ఈ వారమే మొదలుపెట్టవలెనని కోరుచున్నాము.