ఎత్తిపోతల యాత్ర

పటములో నదిని చూచినవానికి దాని గుర్తు తెలియును; నది యొడ్డున నడచినవానికి నదియే తెలియును. భూగోళ పాఠమును కన్నులార చూచి నేర్చుకొనుటకు కాలినడకను మించిన సాధనము లేదు. పల్నాటి బాలబాలికలకు అట్టి పాఠము చెప్పగల చోటు వారి జిల్లాలోనే ఒకటి కలదు. అదియే మాచర్ల ప్రాంతమందలి ఎత్తిపోతల జలపాతము. ఒక్క దినములో పోయి రాదగిన ఈ యాత్రను మనము పెదకూరపాడు నుండి మొదలిడుదము.

ఈ యాత్రకు శరదృతువే తగిన కాలము. వేసవిలో పల్నాటి ఎండ దుస్సహము. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతట ప్రసిద్ధములు. వానకాలమున బాటలు జారుచుండును. ఆశ్వయుజ కార్తిక మాసములలోనో, వాగులలో నీరు నిండుగా నుండును. ఎండ తీక్ష్ణత తగ్గును. ఆకాశము నిర్మలమై దూరపు కొండలు సైతము స్పష్టముగ కనబడును. కార్తికమున వనభోజనములకు పోవుట మన పెద్దల ఆచారమే గదా!

పెదకూరపాడు గుంటూరు నుండి మాచర్ల పోవు రైలుదారిలో నున్నది. ఉదయముననే బయలుదేరి సత్తెనపల్లి, పిడుగురాళ్ళ దాటి నడికుడి చేరుదుము. దారికి ఇరువైపుల నల్లరేగడి చేలలో ప్రత్తి, మిరప పైరులు కనబడును. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు పేరొందినది. నడికుడి దగ్గర దారి చీలును. ఒకటి కృష్ణ దాటి తెలంగాణమునకు పోవును. రెండవది గురజాల, రెంటచింతల మీదుగా మాచర్ల చేరును. ప్రత్తిచేల నల్లమన్ను క్రమముగ మరుగై నాపరాతి నేల యెదురగుట కిటికీనుండియే గమనింపవచ్చును.

మాచర్ల చంద్రవంక యొడ్డున నున్న పురాతన పట్టణము. ఇచ్చటి చెన్నకేశవస్వామి ఆలయము, పల్నాటి వీరగాథలలోని బ్రహ్మనాయుడు మనకు పరిచితములే. కులభేదము పాటింపక అందరిని ఒక్క పంక్తిని కూర్చుండబెట్టి భోజనము పెట్టిన 'చాపకూడు' ఆయన పేరుతోనే నిలిచినది. ఆ చంద్రవంకయే మనలను జలపాతము కడకు కొనిపోవును.

మాచర్ల నుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిపై కొంతదూరము బస్సులో పోయి దిగి, అచ్చటినుండి నడక సాగింపవచ్చును. ఈ నడక మిక్కిలి కష్టమైనది కాదు. బొత్తిగ సులభమైనదియు కాదు. ఎగుడుదిగుడు నేల, రాళ్ళు, తుప్పలు, నడుమ నడుమ సీతాఫలపు పొదలు. జట్టుగా నడచునపుడు ఒక నియమము పాటింపవలెను. బలహీనులను ముందు నడువనిచ్చి, బలవంతులు వెనుక రావలెను. అలసినవానిని వెనుక విడిచి ముందు పరుగెత్తువాడు నాయకుడు కాజాలడు.

కొంత దూరమునుండియే హోరు వినబడును. మరి నాలుగడుగులు వేయగా, నేల హఠాత్తుగ తెగిపోయినట్లు లోయ యొకటి ఎదుట నిలుచును. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు అను మూడు ప్రవాహములు కలిసి సుమారు 70 అడుగుల ఎత్తునుండి పాలధారలవలె క్రిందికి దుముకుచుండును. సూర్యుడు మన వీపువైపున నున్నపుడు తుంపరలలో ఇంద్రధనుస్సు మెరయును. ఎదుటి కొండపై పర్యాటక శాఖవారు ఏర్పరచిన వేదికనుండి ఈ దృశ్యమంతయు నిరపాయముగ చూడవచ్చును. చేరువనే దత్తాత్రేయ స్వామి ఆలయము కలదు. పూర్వము యతులు తపస్సు చేసిన తలము గనుక 'యతి తపో తలము' అనునది ఎత్తిపోతలగా మారినదని కొందరు చెప్పుదురు. ఎత్తునుండి నీరు పోయుచుండుటచేత ఈ పేరు వచ్చినదనుట మరియొక భావము.

నీరు ఈ చోటనే ఏల దుముకవలెను? ప్రవాహమార్గమున పైపొర గట్టిరాయి, అడుగుపొర మెత్తనిరాయి యైనచో, మెత్తనిది ముందుగ అరిగి గుల్లయగును. ఆధారము పోయిన పైరాయి ముక్కలై విరిగి పడును. జలపాతములు పెక్కు ఇట్లు వేలయేండ్లలో అంగుళము అంగుళముగ వెనుకకు జరుగుచుండును. ఇక లెక్క యొకటి. గాలి అడ్డులేదనుకొన్నచో, 70 అడుగుల ఎత్తునుండి జారిన నీటిబొట్టు సుమారు 2 సెకనులలో అడుగు చేరును. అప్పటికి దాని వేగము గంటకు 70 కిలోమీటర్లు దాటును. మెత్తని నీటికి రాతిని తొలుచు బలము ఎచ్చటిదో ఇప్పుడు బోధపడినది గదా!

ఈ అందమునకు ప్రకృతి ఒక్కతియే కారణము కాదు. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర నిర్మాణమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఆనకట్ట ఇచ్చటికి సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్నది. సాగరపు కుడికాలువ నుండి ఎగువ వాగులలోనికి విడుచు నీరే ఈ జలపాతమును ఏడాది పొడవున బ్రతికించుచున్నది. దానికి వెల చెల్లించినవారును గలరు. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయ జలాశయములో మునిగినది. అందలి గ్రామములవారు తమ ఇండ్లను, పొలములను విడిచి పోయిరి. నీటి విలువ తెలియగోరువాడు వారిని మరువరాదు.

జలపాతము క్రింది మడుగు చూచుటకు ప్రశాంతముగ నుండును. కాని అందులో మొసళ్ళు కలవు; అచ్చట వాటి సంరక్షణ కేంద్రమున్నది. కావున స్నానమునకుగాని ఈతకుగాని దిగరాదు. పైయొడ్డున పాచిపట్టిన రాతిపై అడుగు జారినచో ఆధారము దొరకదు. మనకు ఎండ కాయుచున్నను ఎగువన వాన కురిసినచో వాగు క్షణములో పొంగవచ్చును. నీరు బురదరంగుకు తిరిగినను, హోరు హెచ్చినను వెంటనే ఎత్తైన చోటికి పోవలెను. ధైర్యమనగా అపాయమునకు ఎదురేగుట కాదు; అపాయమును ముందే గుర్తించి తోటివారిని కాపాడుట.

మధ్యాహ్నమున చెట్టునీడను అందరును కలిసి భుజింపవలెను. ఒకరి పులిహోర, మరియొకరి జొన్నరొట్టె, వేరొకరి పెరుగన్నము ఒక్కచోట చేర్చి పంచుకొన్నచో, చాపకూడు పాఠము పుస్తకము లేకయే తెలియును. తిన్నపిమ్మట ఒక్క కాగితపు ముక్కయైనను అచ్చట విడువరాదు. ఏలయన ఈ నీరు సుమారు 3 కిలోమీటర్లు ప్రవహించి కృష్ణలో కలియును. కృష్ణ నీటిని త్రాగువారు, ఆ నీటితో పంట పండించుకొనువారు దిగువన లక్షలకొలది కలరు. వాగులో మనము పడవేసిన చెత్త వారి యింటికే చేరును. ఎగువనున్నవాడు దిగువవానిని తలచుకొని మెలగుట నాగరకతకు మొదటి మెట్టు.