అద్దంలో మనిషి

గనిలోకి దిగే మనిషికి వెలుతురు విలువ తెలుసు. కోలారు బంగారు గనుల్లో 3 కిలోమీటర్లకు పైగా లోతున పని జరిగేది. అక్కడ పగలు లేదు, రాత్రి లేదు. టోపీకి తగిలించుకున్న దీపం ఎంతమేర పడితే అంతే లోకం. ఆ వెలుగులో ఎదుటివాని నుదురు, ముక్కు, ఒక చెంప కనిపిస్తాయి. మిగిలినదంతా చీకటిలో కలిసిపోతుంది.

ఇలా చీకటిలో నుంచి మనిషి ముఖాన్ని వెలుగులోకి తెచ్చి చూపిన చిత్రకారుడు ఒకడు యూరపు ఖండంలో ఉండేవాడు. అతని పేరు రెంబ్రాంట్. అతడు ఎందరి ముఖాలనో చిత్రించాడు. అయితే అందరికంటే ఎక్కువసార్లు చిత్రించింది తన ముఖాన్నే.

చిత్రకారుడు తన బొమ్మను తానే వేసుకుంటే దానిని స్వీయచిత్రం అంటారు. రెంబ్రాంట్ స్వీయచిత్రాలు దాదాపు 80 ఉన్నాయి. వాటిలో సుమారు 40 తైలవర్ణ చిత్రాలు. దాదాపు 30 రాగిరేకు మీద గీసి కాగితం మీద ముద్రించినవి. మిగిలినవి రేఖాచిత్రాలు. ఇవి నేడు ప్రపంచంలోని అనేక నగరాల్లో ఉన్నాయి. 1999 జూన్‌లో లండన్‌లోని నేషనల్ గ్యాలరీలో వీటిలో చాలావాటిని ఒకచోట చేర్చి ప్రదర్శించారు. ఆ ప్రదర్శనే తరువాత హాలెండులోని హేగ్ నగరానికి వెళ్ళి, 2000 జనవరి వరకు మారిట్స్‌హౌస్ చిత్రశాలలో సాగింది. విడివిడిగా చూస్తే ఒక్కొక్కటి ఒక బొమ్మ మాత్రమే. వరుసగా చూస్తే ఒక మనిషి యౌవనం నుంచి వార్ధక్యం దాకా మన కళ్ళ ముందే నడిచి వస్తాడు.

రెంబ్రాంట్ 1606లో హాలెండులోని లైడెన్ పట్టణంలో పుట్టాడు. అతని తండ్రికి గాలిమర ఉండేది. యువకుడైన రెంబ్రాంట్ అద్దం ముందు నిలబడి నవ్వేవాడు, కోపగించేవాడు, ఆశ్చర్యంతో నోరు తెరిచేవాడు. ఆ ముఖకవళికలన్నీ రాగిరేకు మీద గీసుకునేవాడు. 1630లో వేసిన అలాంటి బొమ్మ ఒకటి అగ్గిపెట్టె అంత ఉంటుంది. అందులో అతని కళ్ళు చక్రాల్లా తెరుచుకుని ఉంటాయి. ఇదంతా సాధన. బొమ్మ కోసం కూర్చునేవారికి కూలి ఇవ్వాలి. అద్దంలోని మనిషి ఏమీ అడగడు. ఎంతసేపైనా కదలకుండా నిలబడతాడు.

ఆ కాలంలో రాజులు తమ మెప్పు పొందిన చిత్రకారులకు బంగారు గొలుసులు బహూకరించేవారు. రెంబ్రాంట్‌కు ఏ రాజూ గొలుసు ఇచ్చినట్లు లేదు. అయినా కొన్ని స్వీయచిత్రాల్లో అతని మెడలో బంగారు గొలుసు మెరుస్తూ ఉంటుంది. అది రంగుతో చేసిన బంగారం. నిజమైన బంగారం వాడిన చిత్రం కూడా ఒకటి స్వీడన్ దేశంలో ఉంది. 1630లో బంగారుపూత పూసిన చిన్న రాగిరేకు మీద అతడు తన ముఖం చిత్రించుకున్నాడు. చిత్రమేమిటంటే, అందులో బంగారం అడుగున ఉంది, ముఖం పైన ఉంది.

పేరు వచ్చింది, ధనం వచ్చింది. 1639లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో 13,000 గిల్డర్లకు పెద్ద ఇల్లు కొన్నాడు. మరుసటి సంవత్సరం వేసిన స్వీయచిత్రంలో ఖరీదైన దుస్తులు ధరించి, చేయి గట్టుమీద ఆనించి, నిండైన నమ్మకంతో చూస్తాడు. అప్పుడు అతనికి 34 ఏళ్ళు. పేరున్న చిత్రకారుని బొమ్మ, అందునా అతడే వేసినది, కొనుక్కోవాలని కోరేవారు అప్పటికి చాలామంది ఉండేవారు.

ఆ వైభవం నిలువలేదు. 1642లో భార్య సాస్కియా మరణించింది. ఇంటి బాకీ తీరలేదు. 1656లో దివాలా తీశాడు. అధికారులు వచ్చి ఇంట్లోని వస్తువులన్నిటికీ పట్టిక రాసుకున్నారు. 1658లో ఇల్లు వేలంలో పోయింది. అదే సంవత్సరం అతడు వేసుకున్న స్వీయచిత్రం న్యూయార్క్‌లోని ఫ్రిక్ సంగ్రహాలయంలో ఉంది. అందులో అతడు బంగారు వన్నె వస్త్రం ధరించి, చేతికర్ర పట్టుకుని, సింహాసనం మీద రాజులా కూర్చుని ఉంటాడు. ఇల్లు పోయినవాడు తలవంచుకోలేదు. కాని ముఖం మీది అలసటను దాచనూ లేదు.

తరువాత 1663లో తోడుగా ఉన్న హెన్డ్రికే, 1668లో కుమారుడు టైటస్ మరణించారు. 1669లో, తన 63వ ఏట, రెంబ్రాంట్ మళ్ళీ అద్దం ముందు కూర్చున్నాడు. ఆ చిత్రం లండన్‌లో ఉంది. జారిన చెంపలు, ముడతలు పడిన నుదురు, నెరసిన జుట్టు, ఉన్నది ఉన్నట్లే చిత్రించాడు. ఎక్స్‌రే కిరణాలతో ఈ పటాన్ని పరీక్షించినప్పుడు ఒక విషయం బయటపడింది. మొదట అతడు తన చేతిలో కుంచెను చిత్రించాడు. తరువాత దానిని చెరిపి, రెండు చేతులూ ఒకదానితో ఒకటి జతచేసి ఊరకే ఉంచాడు. ఈసారి గొలుసు లేదు, కుంచె కూడా లేదు. ముఖమే మిగిలింది. ఆ సంవత్సరం అక్టోబరులోనే అతడు మరణించాడు. అతనిని పేరు చెక్కని సమాధిలో పూడ్చారు. ఆ ముఖం మాత్రం నేడు లోకమంతా ఎరుగును.

ఈ ప్రదర్శన ముగిసిన మరుసటి ఏడు, 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడ్డాయి. మనిషికి ఉన్నట్లే ఊరికీ ఒక ముఖం ఉంటుంది. దానిని ఇతరులు తమకు తోచినట్లు చిత్రిస్తారు. ఒకరు బంగారపు ఊరు అంటారు, ఒకరు పాడుబడిన ఊరు అంటారు. రెండూ బయటివారు వేసిన బొమ్మలే. సైనైడు దిబ్బల నీడలో ఆడుకున్నవారు, షిఫ్టు ముగించుకుని ఇంటికి వచ్చే తాతల కోసం ఎదురుచూసిన ఇళ్ళవారు తమ ఊరి ముఖాన్ని తామే గీయాలి. గొప్పలు చేర్చకుండా, గాయాలు దాచకుండా గీయాలి. అందుకు ఖరీదైన రంగులు అవసరం లేదు. ఒక అద్దం, కొంత ధైర్యం చాలు.

కొత్త పదాలు

స్వీయచిత్రం = తన బొమ్మను తానే వేసుకున్న చిత్రం
ముఖకవళికలు = ముఖంలో కనిపించే భావాలు
వార్ధక్యం = ముసలితనం
దివాలా = అప్పులు తీర్చలేని స్థితి

ప్రశ్నలు

1. గనిలోని దీపానికి, రెంబ్రాంట్ చిత్రాలకు ఉన్న పోలిక ఏమిటి?
2. 1640, 1658, 1669 సంవత్సరాల స్వీయచిత్రాల్లో మీరు గమనించిన తేడాలు రాయండి.
3. చేతిలోని కుంచెను రెంబ్రాంట్ ఎందుకు చెరిపి ఉంటాడు? మీ అభిప్రాయం చెప్పండి.
4. అద్దంలో చూసుకుంటూ మీ ముఖాన్ని పది వాక్యాల్లో వర్ణించండి. లేనిది చేర్చకండి, ఉన్నది విడవకండి.