ఎముక మందమైతే బలమనుకోకండి

యాభై దాటిన ఆడవాళ్ళం నలుగురం కలిస్తే ముందు నడిచేది మోకాళ్ళ ముచ్చటే. మన అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు తాగేది చాలామటుకు గోదావరి కాలవ నీళ్ళు కాబట్టి, ఎముకల్ని పట్టే ఫ్లోరైడు బాధ మనకంతగా తెలీదు. కానీ మన పిల్లల్ని కనిగిరి, పొదిలి, దర్శి వైపు ఇచ్చినవాళ్ళం లేకపోలేదు. మన దేశంలో ఈ ఫ్లోరైడు జబ్బును 1937లో మొదట గుర్తించింది ఆ ప్రాంతంలోనే. అప్పుడది నెల్లూరు జిల్లా.

రాళ్ళలోంచి ఫ్లోరైడు భూగర్భ జలంలోకి దిగుతుంది. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది. మెడ తిరగదు, నడుము వంగదు, కింద కూర్చుంటే లేవలేరు. ముట్లుడిగాక ఎలాగూ ఆడవాళ్ళ ఎముకలు బలం కోల్పోతాయి. కాన్పుల మీద కాన్పులై, పాలూ పెరుగూ ఇంట్లో అందరికీ పెట్టి తను మజ్జిగతో సరిపెట్టుకున్న తల్లికి ఇది ఇంకా గట్టి దెబ్బ. వయసు నొప్పులని ఇంట్లోవాళ్ళు తీసిపారేస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

ఇంకో మాట వినండి. ఫ్లోరైడు ఎముకను మందం చేస్తుందని, ఒకప్పుడు దాన్నే మందుగా ఇచ్చి చూశారు. అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు ఎముకలు గుల్లబారిన 202 మంది పెద్దవయసు ఆడవాళ్ళ మీద నాలుగేళ్ళు పరీక్షించి, 1990లో ఫలితం ప్రకటించారు. మందు వేసుకున్నవాళ్ళకు నడుం దగ్గర వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలైతే వాళ్ళకే ఎక్కువ విరిగాయి. మందం పెరిగింది గానీ గట్టిదనం రాలేదన్నమాట.

నీళ్ళు మరగబెడితే ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ యంత్రం చాలావరకు తీసేస్తుంది. తాగే నీళ్ళలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు కూడా 1.5 దాటకూడదు. పాలు, పెరుగు, నువ్వులు, ఉసిరి తింటే కొంత ఆసరా. నొప్పి మాత్రలు మాత్రం సొంతంగా మింగకండి.

మన ఊళ్ళో మోకాలు నొప్పన్నవాళ్ళు నీళ్ళను తిట్టుకోకుండా డాక్టరుకు చూపించుకోండి. కనిగిరి వైపు మెట్ట ఊళ్ళలో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఈసారి ఫోను చేసినప్పుడు, “మీ బోరు నీళ్ళు పరీక్ష చేయించారా?” అని తప్పకుండా అడగండి.