నానమ్మ పేరిట ఒక్క నేరేడు

చిట్టితల్లీ,

నానమ్మ సంవత్సరీకం నాటికి స్నేహితులతో కలిసి 108 మొక్కలు నాటుతానని రాశావు. ఆలోచన మంచిదే, లెక్కే నాకు నచ్చలేదు. మార్చి నుంచి మే దాకా వాటికి నీళ్లెవరు పోస్తారు? ఒక్కటి నాటు, దాన్ని బతికించు.

కర్ణాటకలో సాలుమరద తిమ్మక్క దంపతులకి పిల్లలు కలగలేదు. హులికల్, కుదూరు ఊళ్ల మధ్య రోడ్డు పక్కన మర్రి మొక్కలు పెట్టి కన్నబిడ్డల్లా సాకారు. ఆమెకు 2019లో పద్మశ్రీ వచ్చింది. అందరూ 385 మర్రిచెట్లని అంకె చెప్పుకుంటారు గానీ, నాకు గొప్పగా తోచేది వాళ్లు మోసిన నీళ్ల బిందెలు. రాజస్థాన్‌లోని పిప్లాంత్రిలో శ్యామ్‌సుందర్ పాలీవాల్ అనే సర్పంచ్ చనిపోయిన కూతురి జ్ఞాపకార్థం మొదలుపెట్టిన పని ఊరి ఆచారమైంది. ఆడపిల్ల పుడితే 111 మొక్కలు నాటతారు. అన్ని ఎలా బతుకుతాయంటావేమో, అక్కడ ఊరంతా పూనుకుంటుంది. నీకున్నది నేనొక్కణ్ణే, అదీ మోకాళ్ల నొప్పులతో.

ఇక ఏ మొక్క? నక్షత్రాన్ని బట్టి ఫలానా చెట్టని పంతులుగారు చెబుతారు, కాదనను. కానీ మీ నానమ్మ నేరేడు పళ్లు కనబడితే ఉప్పు అద్దుకుని నాలుక ఊదారంగు తిరిగేదాకా తినేది. నేరేడే పెడదాం. గింజ మొక్క కాపుకి రావడానికి ఎనిమిది, పదేళ్లు పడుతుంది, అంటు ఇంకా ముందే కాస్తుంది. అంటు తెస్తే అతుకు మట్టిలో కూరుకుపోకూడదు సుమా. పెద్ద చెట్టవుతుంది, గోడకి ఇరవై అడుగులైనా ఎడంగా ఉండాలి.

రెండడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గొయ్యి తీయాలి. పైమట్టి ఒక పక్క, అడుగుమట్టి ఇంకో పక్క పోసిపెట్టు. వానలు పడ్డాక పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపు. సాయంత్రం పూట నాటు. కవరు బ్లేడుతో చీల్చి తీసెయ్యి, మట్టిగడ్డ చితక్కూడదు. అడుగున చుట్టలు చుట్టుకున్న వేళ్లుంటే కొసలు కత్తిరించు. ఊతకర్రకి సుతిలితో బిగిస్తే కాండం కోసుకుపోతుంది. బీరువాలో నానమ్మ పాత నూలు చీరలున్నాయి, ఒక అంచు చింపి వదులుగా కట్టు. మేకలకి ముళ్లకంప తప్పదు. పేరు పలక రాసుకుంటే రాసుకో, పక్కన రాయి పాతి దానిమీద పెట్టు. చెట్టు పెద్దదయ్యాక దానికి మేకు కొట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

ఒకవేళ చచ్చిపోతే అపశకునమని ఏడవకు. మళ్లీ వానలకి అదే గోతిలో ఇంకోటి పెడదాం.

మొదటి మూడు వేసవులు గట్టెక్కితే దాని దారి అది చూసుకుంటుంది. అప్పటిదాకా వారానికి రెండు మూడుసార్లు పాదు నిండా నీళ్లు పట్టాలి. నువ్వు కాలేజీలో ఉన్నన్నాళ్లు ఆ పని నేను చూస్తా, సెలవుల్లో మాత్రం నీదే.

గొయ్యి ముందే తీసి ఎండనివ్వాలి కాబట్టి మే నెలలోనే రా. గడ్డపార పెరట్లో ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య