ఇళ్లకు చిత్తరువులు: నీటిరంగులతో ఉపాధి

అమ్మేసిన తాతగారిల్లు, అపార్ట్‌మెంటు కోసం రేపో మాపో పడగొట్టబోయే మండువా లోగిలి, చిన్నప్పుడు చదువుకున్న రాతి బడి. వీటి ఫొటోలు ఏదో ఒక ఫోన్లో ఉండే ఉంటాయి. అయినా డబ్బిచ్చి మరీ నీటిరంగుల్లో గీయించుకుని హాల్లో తగిలించుకునేవాళ్లున్నారు. షష్టిపూర్తికి తల్లిదండ్రులకు, గృహప్రవేశానికి స్నేహితులకు, పదవీ విరమణ రోజున మాస్టారికి ఇవ్వడానికి ఇంతకన్నా మంచి కానుక లేదని వాళ్ల నమ్మకం. బొమ్మలు వేయడం మీద ఇష్టమున్న విద్యార్థులు, ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువత గట్టిగా ఆలోచించదగ్గ ఉపాధి ఇది.

ఫొటోను క్షణంలో నీటిరంగుల బొమ్మగా మార్చే యాప్‌లు వచ్చాక ఈ పనికి గిరాకీ ఉంటుందా అన్న సందేహం రావడం సహజం. యాప్ ఫొటోలో ఉన్నదాన్నే మారుస్తుంది. గీయించుకునేవాళ్లకు కావలసింది చాలాసార్లు ఆ ఫొటోలో ఉండదు. ఎప్పుడో కొట్టేసిన వేపచెట్టు, రోడ్డు వెడల్పులో పోయిన అరుగు, రేకుల షెడ్డు చాటున పడిపోయిన వసారా... ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకుని, వాటిని మళ్లీ ఉన్నచోట నిలబెట్టగలిగిన చిత్రకారుడికే ఇక్కడ విలువ. ఈ వృత్తిలో అడగడం, చూడడం, గీయడం అనే మూడు పనులయ్యాకే రంగు వస్తుంది.

ఎవరు గీయిస్తారు?

మొదటి వరస కుటుంబాలదే. ఊళ్లో ఇల్లు అమ్ముకుని హైదరాబాద్‌లోనో, విశాఖలోనో స్థిరపడినవాళ్లు, అమెరికా, ఆస్ట్రేలియాల్లో ఉంటున్న తెలుగువాళ్లు పాత ఇంటి బొమ్మ కావాలంటారు. ప్రాజెక్టుల ముంపులో ఊరే పోయిన కుటుంబాలకైతే ఇల్లొక్కటే కాదు, ఆ వీధి మొత్తం కావాలనిపిస్తుంది. అమెరికాలో రియల్ ఎస్టేట్ ఏజెంట్లు ఇల్లు కొన్నవాళ్లకు ఆ ఇంటి బొమ్మనే కానుకగా ఇచ్చే అలవాటుంది.

రెండో వరసలో సంస్థలుంటాయి. శతజయంతి జరుపుకొనే కళాశాలలు, పాత భవనాల్లో నడిచే హోటళ్లు, క్యాలెండర్లు, పోస్టుకార్డులు, జ్ఞాపికలు తయారుచేసేవాళ్లు, చరిత్ర పుస్తకాలు వేసే ప్రచురణకర్తలు, కట్టబోయే భవనం ఎలా ఉంటుందో చేతిబొమ్మలో చూపించాలనుకునే ఆర్కిటెక్టులు. కుటుంబాల నుంచి వచ్చే పని చిన్నది, తరచుగా వస్తుంది. సంస్థల పని పెద్దది, అరుదుగా వస్తుంది. రెండూ చేతిలో ఉంటేనే ఏడాది పొడవునా ఆదాయం నిలకడగా ఉంటుంది.

ఈ దారిలో నడిచినవాళ్లు

కట్టడాలను చిత్రించి జీవించడం కొత్త విషయం కాదు. 1786లో కలకత్తా చేరిన థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం ఏళ్ల తరబడి దేశమంతా తిరిగి కోటలను, ఆలయాలను, ఘాట్‌లను గీశారు. ఇంగ్లండ్ తిరిగి వెళ్లాక 1795 నుంచి 1808 వరకు ‘ఓరియంటల్ సీనరీ’ పేరుతో 144 ముద్రణ చిత్రాలు వెలువరించారు. అప్పటి భవనాల రూపురేఖలు తెలుసుకోవడానికి చరిత్రకారులు నేటికీ వాటిని చూస్తారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్ మరో పని చేసింది. బాంబులకు, కొత్త నిర్మాణాలకు ఏ కట్టడాలు పోతాయోనని 1940 నుంచి చిత్రకారులకు జీతమిచ్చి గ్రామాలను, చర్చిలను, వీధులను నీటిరంగుల్లో గీయించింది. అలా పోగైన 1,500కి పైగా చిత్రాలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి చేరాయి.

మన దగ్గర రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. చిత్రకారులు దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన ప్రోత్సాహంతో ఎదిగినవాళ్లే. రాజమండ్రిలోని దామెర్ల రామారావు చిత్రకళామందిరం ఈ పని నేర్చుకునేవాళ్లు తప్పక చూడాల్సిన చోటు. మన కాలంలో పుణెకు చెందిన మిలింద్ ములిక్ ఇంజినీరింగ్ చదివి నీటిరంగులనే వృత్తిగా చేసుకున్నారు. ఆయన పుస్తకాలు కొత్తవాళ్లకు మంచి పాఠాలు.

పోలిక కుదరాలంటే

ప్రకృతి దృశ్యంలో చెట్టు కాస్త పక్కకు జరిగినా ఎవరూ పట్టించుకోరు. ఇంటి బొమ్మలో కిటికీ ఊచలు నాలుగుకు బదులు ఐదు గీస్తే ఆ ఇంట్లో పెరిగినవాళ్లు వెంటనే పట్టేస్తారు. అందుకే డ్రాయింగ్ మీద పట్టు వచ్చేదాకా ఆర్డర్లు తీసుకోవద్దు.

మొదట నేర్చుకోవాల్సింది పర్‌స్పెక్టివ్. మన కంటి ఎత్తులో ఒక అడ్డగీత ఉందనుకుంటే, ఇంటి రెండు గోడల మీద నేలకు సమాంతరంగా సాగే రేఖలు ఆ గీత మీద రెండు చోట్ల కలుస్తాయి. ఫోన్ పైకెత్తి తీసిన ఫొటోలో నిలువు గోడలు పైన దగ్గరపడి ఇల్లు వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది. దాన్ని యథాతథంగా దించకుండా నిలువులను నిటారుగా సరిచేయాలి. కొలతలకు టేపు అక్కర్లేదు. ద్వారం ఎత్తును ప్రమాణంగా పెట్టుకుని, ఇంటి వెడల్పులో అది ఎన్నిసార్లు పడుతుందో పెన్సిల్‌తో చూసుకుంటే చాలు.

సాధనకు మన నగరాలే తరగతి గదులు. 1591 నాటి చార్మినార్‌ను మూల నుంచి గీస్తే ఎదుటి కమాను, పక్క కమాను వేర్వేరు వెడల్పుల్లో ఎందుకు కనిపిస్తాయో అర్థమవుతుంది. కోఠిలోని పాత బ్రిటిష్ రెసిడెన్సీ ముందున్న 6 కొరింథియన్ స్తంభాలను ఓ పక్క నుంచి గీస్తే, దూరం పెరిగేకొద్దీ స్తంభాల మధ్య ఎడం ఎలా తగ్గుతుందో తెలుస్తుంది. రాయలసీమ మిద్దె ఇళ్లు, తెలంగాణ గడీలు, ఉత్తరాంధ్ర చుట్టిళ్లు, గోదావరి జిల్లాల పెంకుటిళ్లు... ఒక్కోదాని కట్టుబడి ఒక్కో పాఠం నేర్పుతుంది.

ఒక పెంకుటిల్లు తయారయ్యే తీరు

కోనసీమలో పడగొట్టేసిన ఒక పెంకుటింటిని పాత ఫొటో చూసి గీయమని అడిగారనుకుందాం. ముందు కాగితం పక్కన పెట్టి ప్రశ్నలు అడగాలి. ఇంటి ముఖం ఏ దిక్కు? తూర్పయితే ఉదయపు ఎండ ముఖాన పడుతుంది, సాయంత్రానికి ముందు భాగమంతా నీడలో ఉంటుంది. మీకు గుర్తున్నది ఏ వేళ? తలుపులకు ఏ రంగు? వాకిట్లో ఏం చెట్టు? అరుగు మీద ఎవరు కూర్చునేవారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి ఆ ఇంటి అమ్మమ్మగారే సరైన మనిషి. ఆవిడతో ఫోన్లో మాట్లాడిన అరగంట, ఫొటోను పెద్దది చేసి వెతికిన గంటల కన్నా ఎక్కువ పనికొస్తుంది.

తర్వాత పెన్సిల్ ముసాయిదా గీసి కుటుంబానికి పంపాలి. మార్పులన్నీ ఆ దశలోనే చెప్పించుకోవాలి. నీటిరంగు ఆరాక తప్పు దిద్దడం దాదాపు అసాధ్యం.

రంగు ఎప్పుడూ లేతది ముందు, ముదురుది తర్వాత. తెలుపు కోసం రంగు వాడరు, కాగితాన్నే వదిలేస్తారు. కాబట్టి ఎండ పడే సున్నం గోడను ఎక్కడ వదలాలో ముందే నిర్ణయించుకోవాలి. గోడ నీడకు అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ సియెనా కలిపితే చక్కటి బూడిదరంగు వస్తుంది. నీలం ఎక్కువైతే చల్లని నీడ, సియెనా ఎక్కువైతే వానకు తడిసి మాసిన సున్నం. పెంకులన్నీ ఒక్కొక్కటిగా గీయకూడదు. ఇటుక రంగు పలచగా పరిచి, చూరు దగ్గర, నడికప్పు దగ్గర కొన్ని పెంకులు స్పష్టం చేస్తే మిగతావి చూసేవారి కన్ను పూరించుకుంటుంది. ఇక చూరు కింద నీడ. ఇంటికి లోతు తెచ్చేది అదే. దాన్ని ఒకే ఊపులో వేసి వదిలేయాలి. ఆరకముందే మళ్లీ కుంచె పెడితే బురదరంగు తేలుతుంది. చివరగా గడపకు పసుపు, కుంకుమ బొట్లు. అంత చిన్న గుర్తు చూసే చాలామంది ‘ఇది మా ఇల్లే’ అంటారు.

సామగ్రి

సామాన్లు తక్కువే అయినా కాగితం దగ్గర పొదుపు పనికిరాదు. 300 జీఎస్‌ఎం, నూరు శాతం పత్తితో చేసిన కోల్డ్ ప్రెస్డ్ కాగితం అమ్మే బొమ్మలకు తప్పనిసరి. సాధనకు చవక కాగితం వాడుకోవచ్చు. గుండ్రటి కుంచెలు 4, 8, 12 నంబర్లవి, ఒక ఫ్లాట్, సన్నని గీతలకు ఒక రిగ్గర్ చాలు. రంగులు 8 నుంచి 10 ఉంటే సరిపోతాయి. విద్యార్థుల రకం కాకుండా ఆర్టిస్ట్ రకం కొనాలి. ట్యూబు మీద, రంగు వెలుతురుకు ఎంత నిలుస్తుందో చెప్పే లైట్‌ఫాస్ట్‌నెస్ గుర్తు చూడాలి. అసలు ఎలిజరిన్ క్రిమ్సన్ వంటి రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. తరాలు నిలవాలని డబ్బిచ్చినవాళ్లకు అలాంటి రంగుతో బొమ్మ ఇవ్వడం అన్యాయం.

మన వాతావరణం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెలలో వాష్ (పలచగా పరిచిన రంగు) అంచులు చూస్తుండగానే ఆరిపోతాయి, కాగితాన్ని రెండువైపులా తడిపి పనిచేయాలి. వానాకాలంలో త్వరగా ఆరదు, నిల్వ ఉంచిన కాగితానికి బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలతో మూతపెట్టి దాచుకోవాలి.

చదువులు

ఈ పనికి డిగ్రీ తప్పనిసరి కాదు, ఉంటే దారులు పెరుగుతాయి. ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్‌ఏ చేయొచ్చు. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో పెయింటింగ్, అప్లైడ్ ఆర్ట్, యానిమేషన్ వంటి విభాగాలున్నాయి. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, కడపలోని ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీల్లోనూ ఫైన్ ఆర్ట్స్ చదవొచ్చు. పీజీకి యూనివర్సిటీ ఆఫ్ హైదరాబాద్‌లోని సరోజినీ నాయుడు స్కూల్ మంచి ఎంపిక.

కట్టడాల మీదే ఆసక్తి ఎక్కువైతే ప్రవేశ పరీక్షలైన ‘నాటా’ లేదా జేఈఈ మెయిన్ పేపర్-2 రాసి ఐదేళ్ల బీఆర్క్‌లో చేరొచ్చు. ఆ తర్వాత ఢిల్లీలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ వంటి చోట్ల కట్టడాల పరిరక్షణలో పీజీ ఉంది. కాలేజీకి వెళ్లలేనివాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాస్తే పునాది గట్టిపడుతుంది. డ్రాయింగ్ టీచర్ కావాలనుకునేవారికీ అవి ఉపయోగపడతాయి. అర్బన్ స్కెచర్స్ బృందాలతో కలిసి వీధుల్లో కూర్చుని గీయడమూ గొప్ప శిక్షణే. అమెరికాలోని సియాటిల్‌లో పత్రికా చిత్రకారుడు గాబ్రియేల్ కాంపనారియో 2007లో మొదలుపెట్టిన ఈ ఉద్యమం ఇప్పుడు దేశదేశాలకు పాకింది.

ధర, ఒప్పందం, హక్కులు

ధర నోటికొచ్చినట్టు చెప్పకండి, లెక్కకట్టండి. ఉదాహరణకు ఏ3 సైజు బొమ్మకు 14 గంటలు పట్టింది, మీ గంటకు 250 రూపాయలు వేసుకున్నారు, కూలి 3,500. కాగితం, రంగులు 400, ప్యాకింగ్, కొరియర్ 300. మొత్తం 4,200. ఫ్రేము ఖర్చు విడిగా చెప్పాలి. చేయి తిరిగి, ఆర్డర్లు వరస కట్టేకొద్దీ గంట ధర పెంచుకోవచ్చు. సగం అడ్వాన్సు తీసుకున్నాకే పెన్సిల్ పట్టండి. ముసాయిదాలో ఎన్ని మార్పులు ఉచితమో, ఎప్పటికి ఇస్తారో వాట్సాప్‌లోనైనా రాసిపెట్టుకోండి.

కాపీరైట్ చట్టం-1957 గురించి చాలామంది చిత్రకారులకు తెలియని మాట ఒకటుంది. ఎవరైనా డబ్బిచ్చి గీయించుకున్న బొమ్మకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి కాపీరైట్ హక్కుదారు గీయించుకున్నవారే. ఆ బొమ్మను మీరు తర్వాత ప్రింట్లు వేసి అమ్ముకోవాలన్నా, క్యాలెండర్‌కు ఇవ్వాలన్నా ముందే రాతపూర్వకంగా హక్కు ఉంచుకోవాలి. భవనాన్ని గీయడం, ఆ బొమ్మను ప్రచురించడం మాత్రం ఉల్లంఘన కాదని అదే చట్టం చెబుతోంది. అయితే ఇంకొకరు తీసిన ఫొటోను చూసి గీసేటప్పుడు ఆ ఫొటో తీసినవారి అనుమతి తీసుకోవాలి.

అనుబంధ అవకాశాలు

ఈ నైపుణ్యం ఆర్డర్లకే పరిమితం కాదు. 1984లో ఏర్పడిన ఇంటాక్ సంస్థ పాత కట్టడాల వివరాలు నమోదు చేసే పని చేస్తోంది. దాని స్థానిక శాఖలు పాత కట్టడాలు చూపించే నడకల్లో పాల్గొంటే కట్టడాలూ తెలుస్తాయి, మనుషులూ పరిచయమవుతారు. యానిమేషన్ స్టూడియోల్లో బ్యాక్‌గ్రౌండ్ ఆర్టిస్టులు, సినిమా ఆర్ట్ విభాగాలు, పిల్లల పుస్తకాలు, ఆర్కిటెక్చర్ కార్యాలయాలు, వారాంతపు శిక్షణ తరగతులు, వీటన్నింటికీ కట్టడాలు గీయగల చేయి కావాలి.

మొదటి ఏడాది ప్రణాళిక

మొదటి మూడు నెలలు పెన్సిల్, పెన్నుతో రోజూ ఒక ద్వారమో, కిటికీయో, కమానో గీయండి. తర్వాతి మూడు నెలలు రెండు మూడు రంగులతోనే నీడలు సాధన చేయండి. మిగతా ఆరు నెలల్లో మీ జిల్లాలోని 12 పాత ఇళ్లు, కట్టడాలు ఎంచుకుని, యజమానుల అనుమతితో నెలకు రెండు చొప్పున పూర్తి చేయండి. ఒక్కో బొమ్మ వెనక ఊరు, కట్టుబడి రకం, ఇంటివారు చెప్పిన వివరాలు రాసుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేటప్పుడు ముసాయిదా నుంచి చివరి కుంచె దాకా దశలన్నీ చూపిస్తే, మీ శ్రమ ఏమిటో చూసేవారికి అర్థమవుతుంది. ఈ ఏడాది పాటు చేతిలో ఉన్న ఉద్యోగమో, చదువో వదలకండి.

అప్పటికి మీ దగ్గర అమ్మకానికి చూపించగల 12 బొమ్మలుంటాయి. అంతకుమించి, మీ జిల్లాలో ఇళ్లు ఎలా కట్టేవారో సొంతంగా తెలిసిన అరుదైన మనిషి అవుతారు. ఆ పరిజ్ఞానం వెతుక్కుంటూ కుటుంబాలు వస్తాయి, ప్రచురణకర్తలు వస్తారు, ఆర్కిటెక్టులు వస్తారు. పాత ఇళ్లు ఏటా తగ్గిపోతున్నాయి కాబట్టి ఆ పన్నెండింటిలో మొదటిదాన్ని ఈ ఆదివారమే వెళ్లి చూడండి. గీయొచ్చా అని ఇంటి పెద్దను అడగడంతో మీ మొదటి పని మొదలవుతుంది.