ప్రత్యేకవిద్యా బోధకుని యోగ్యతాపత్రము

పై తరగతుల విద్యార్థులలో కొందరు ఉపాధ్యాయవృత్తిని కోరుచున్నారు. వారి నిమిత్తమును, తమ బిడ్డకు చూపో, వినికిడియో, గ్రహణశక్తియో తక్కువైనదని చింతించు తలిదండ్రుల నిమిత్తమును మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అట్టి బిడ్డ పుట్టుట యెవరి పాపఫలమని అడుగువారు నేటికిని కలరు. యోహాను సువార్త 9వ అధ్యాయములో శిష్యులును పుట్టుగ్రుడ్డివానిని చూచి యిట్లే అడిగిరి. ప్రభువు ఆ పాపము వానిదియు గాదు, వాని కన్నవారిదియు గాదనెను. కావున మనము అడుగవలసిన ప్రశ్న వేరు: ఈ బిడ్డకు ఏ రీతిగా బోధించిన చదువు వచ్చును?

ఇది కొత్త ప్రశ్న కాదు. 1887లోనే ఆనీ షార్ప్ దొరసాని అమృతసరములో అంధులకు పాఠశాల స్థాపించెను. మన తెలుగుదేశమున సికింద్రాబాదులో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ బుద్ధిమాంద్యము గల పిల్లలకు బోధించువారిని తరిఫీదు చేయుచున్నది.

1992వ సంవత్సరపు చట్టము ననుసరించి భారత పునరావాస మండలి యీ చదువులను నిర్ణయించుచున్నది. వానిలో మొదటి మెట్టు రెండు సంవత్సరముల డిప్లొమా. ఇంటర్మీడియట్ పరీక్షలో సాధారణముగా నూటికి 50 మార్కులు వచ్చియుండవలెను. దృష్టిలోపము, వినికిడిలోపము, బుద్ధిమాంద్యము మొదలగు శాఖలలో నొకదానిని ఎన్నుకొనవలెను. ఉత్తీర్ణులైనవారు మండలి పట్టికలో పేరు నమోదు చేయించుకొననిదే ఈ వృత్తి చేయరాదు. కావున రుసుము చెల్లింపకమునుపే ఆ కళాశాలకు మండలి అంగీకారము కలదో లేదో విచారింపుడు.

అచట నేర్చునదేమి? ఆరు చుక్కల బ్రెయిలీ లిపి, చేతిసైగల భాష మొదలగునవి ఆయా శాఖలవారు నేర్తురు. అన్నిటికంటె ముఖ్యమైనది, పనిని చిన్న మెట్లుగా విభజించుట. చొక్కా గుండీ పెట్టుకొనుటనే చూడుడు. గుండీని పట్టుట, కాజాలో దూర్చుట, అవతల పట్టి లాగుట అని మూడు మెట్లు. మొదటి రెండును ఉపాధ్యాయుడే చేసి, కడపటిదానిని మాత్రము బిడ్డచేత చేయించును. పని ముగించితినను సంతోషము బిడ్డకు మొదటి దినముననే కలుగును. అది కుదిరిన పిమ్మట రెండవ మెట్టును, తరువాత మొదటిదానిని అప్పగించును. ఈ ఉపాయమును తల్లులు ఇంటియొద్దనే ప్రయత్నింపవచ్చును.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించి, అట్టి పిల్లలను అందరితోపాటు చేర్చుకొని బోధింపవలెనని పాఠశాలలను ఆజ్ఞాపించినది. ప్రాథమిక తరగతులలో అట్టివారు 10 మందికి ఒక ప్రత్యేక బోధకుడు, పై తరగతులలో 15 మందికి ఒకడు ఉండవలెనని 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించెను. అయినను తరిఫీదైన ఉపాధ్యాయుడు లేనిచోట ఆ బిడ్డ కడపటి బల్లమీద మౌనముగా కూర్చుండి, ఏమియు నేర్వకయే తరగతి తరువాత తరగతి దాటును.

మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి కూడు పెట్టిన కథ పల్నాటివారమైన మనమందరము ఎరిగినదే. చాపమీద చోటిచ్చి విస్తరిలో వడ్డింపకున్న నది భోజనమగునా? బడిలో పేరు వ్రాసికొనుట చోటిచ్చుట మాత్రమే. వడ్డించుటకు నేర్చినవారు కావలెను. అట్టివారు మన విద్యార్థులలోనుండియే బయలుదేరుదురుగాక!